వాళ్ళ వంతు మంచు

తొలిమంచు నెల. వాళ్ళ వంతు.

వలలు మూడు వరసలూ మడిచాను. మడిచి టవర్ల కాళ్ళకి తాళ్ళతో బిగించాను. మంచు పలచగా వచ్చింది. ఆగకుండా చాటుకొండ వైపు సాగిపోయింది.

వలకాపరి రోజూ రాయాల్సింది ఇంతే. ఇంతకంటే రాస్తే కాగితం దండగని నాన్న గొడవ. నాన్న ఈ గాలికొండకి పెద్ద కాబట్టి అందరితోనూ గొడవపడే హక్కు ఆయనకుంది. కానీ పొద్దస్తమానం తాళ్ళతోనూ, తుప్పుపట్టిన టవర్లతోనూ కాపురం చేసే మనిషిని నేను. కాగితం మీదైనా నాలుగు మాటలు ఆడకపోతే పిచ్చెక్కిపోతుంది.

మాట్లాడడానికి ఎవరూ లేరనడం అన్యాయంలెండి. చినుకు ఉంది. పనిలో నాకంటే నయం, నోరు తెరిస్తే నాకంటే ఘోరం. ఇవాళ కింది వరస కడుతుంటే పక్కన నిలబడి "అక్కా, నీ ముడి చూస్తే మేకలు కూడా నవ్వుతాయే" అంది. తనే విప్పి మళ్ళీ కట్టింది. వాన ఎలా ఉంటుందో మా తాతలు కూడా చూడలేదు గానీ, పేర్లలో మాత్రం దాన్ని ఇంకా వదల్లేదు. నా పేరు తొలకరి. నా తమ్ముడు వరద. ఇది చినుకు.

చినుకు మా పిల్ల కాదు. చాటుకొండ పెద్దాయన కూతురు. మాటలు సరిగా రాని వయసులో మా ఇంటికి పూచీబిడ్డగా వచ్చింది. అదే రోజు మా వరద వాళ్ళ కొండకి వెళ్ళాడు. సముద్రం నుంచి వచ్చే మంచు ముందు మమ్మల్నే తాకుతుంది. మేం రోజూ వలలు ఎత్తి ఆ మంచు నీళ్ళన్నీ పట్టేస్తే వెనకున్న వాళ్ళకి నాలుక తడుపుకోడానికి కూడా మిగలదు. అందుకే ఒక రోజు మా వంతు, ఒక రోజు వాళ్ళ వంతు. వాళ్ళ వంతున మేం వలలు మడుస్తాం, వాళ్ళు మాకు కొర్రలు పంపుతారు. మంచులో మా వలలు వాళ్ళకి కనబడవు కాబట్టి వాళ్ళ కళ్ళు చినుకే.

పొద్దు వాలేముందు చినుకు అద్దంగట్టు ఎక్కింది. పాతకాలపు కారు అద్దం పట్టుకుని రెండు మెరుపులు మెరిపించింది. మడిచారు, అని. మడవకపోతే అద్దాన్ని కదపకుండా నిలిపి ఉంచాలట. ఆ నిలువు వెలుగు బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. అవతలి గట్టు మీంచి వరద మూడు మెరుపులు పంపాడు. బాగున్నా, అని. వాడి గొంతెలా ఉంటుందో నాకు ఏడాదికోసారి గుర్తుచేసుకోవాల్సి వస్తుంది, వాడి మెరుపు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఇల్లు ఊడుస్తూ గూట్లో బోర్లించిన ఇత్తడి గిన్నెనీ, దాని పక్కన గన్నేరుపప్పు మూటనీ దులిపాను. మాట తప్పిన కొండ బిడ్డకి, ఆ బిడ్డని పెంచిన చెయ్యే గన్నేరుపప్పు నూరి, నిండుగా నీళ్ళు పోసి ఇవ్వాలి. పెంచినవాళ్ళకి మనసొప్పకపోతే తామే తాగొచ్చు, అప్పుడు బిడ్డని వదిలేస్తారు. ఎవరి నోటికైనా సరే, గిన్నె ఖాళీ కావాలి. అమ్మ పోయాక చినుకు గిన్నె నా చేతికొచ్చింది. వరద గిన్నె అవతల వాణ్ణి పెంచుతున్న ముసురమ్మ దగ్గరుంది. ఈ ఏర్పాటు చేసిన పెద్దలెవరో మనుషుల్ని బాగా చదివినవాళ్ళు. ప్రేమ లేకుండా చేస్తే అది పనిచెయ్యదు.

అదే నెల. మా వంతు.

మూడు వరసలూ ఎత్తాను. తొట్టి అడుగు కనబడుతోంది. అడుగున సిమెంటు పగుళ్ళు నాకు కంఠతా వచ్చేలా ఉన్నాయి.

మనిషికో లోటా పోశాను. వరసలో ఒక బాలింత తన లోటా తాగేసి, అడుగున మిగిలిన తడిని వేలితో తీసి పసివాడి పెదాలకి రాసింది. వాడు ఆ వేలినే చీకుతూ ఏడవడం మర్చిపోయాడు. చూసినవాళ్ళందరం వేరే ఎటో చూశాం.

అందరూ వెళ్ళాక నాన్న వచ్చాడు. తొట్టిలోకి తొంగిచూసి, వలల వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. ఆ వరస చూస్తేనే నాకు అర్థమైంది.

"రేపు కింది వరస ఎత్తు."

"రేపు వాళ్ళ వంతు నాన్నా."

"నాకు తెలీదా? మంచు చిక్కబడ్డాక ఎత్తు, విచ్చుకునేలోపు మడిచెయ్. ఎవడికి కనబడుద్ది?"

"చినుక్కి కనబడుద్ది."

"దాన్ని కొర్రలు దంచడానికి పంపించు."

"మరి వరద?"

నాన్న తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. మొహం మీద చెమట లేదు. "వాడి రాత ఎలా ఉంటే అలా జరుగుద్ది. ఆ రోజు గవ్వ వాడికి పడింది, నీకు పడలేదు. నువ్వాపావా, నేనాపానా?" అన్నాడు.

నా పన్నెండో ఏట, వాడి నాలుగో ఏట, ఇద్దరిలో ఎవర్ని పంపాలో నాన్న గవ్వ వేసి చూశాడు. గవ్వ బోర్లాపడితే వాడు, వెల్లకిలా పడితే నేను. గవ్వ ఒకటే, వాడి బతుకూ ఒకటే. అప్పట్నుంచీ మా ఇంట్లో ఏం జరిగినా రాత అనడం అలవాటైపోయింది. పాలు పొంగినా రాతే.

నేను చెయ్యనని చెప్పలేదు. చూద్దాంలే అన్నాను. ఈ ఊళ్ళో చూద్దాంలే అంటే సరే అనే.

అదే నెల. వాళ్ళ వంతు.

చినుకుని కొర్రలు దంచడానికి కిందికి పంపాను. మంచు చిక్కబడగానే కింది వరస ఎత్తాను.

వల కింది దోనెలోకి మొదటి బొట్టు పడిన చప్పుడు విన్నాను. తర్వాత బొట్టు మీద బొట్టు. నాకు సంతోషమేసింది. సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను, నిజంగా సంతోషమేసింది. దొంగిలించిన నీళ్ళ చప్పుడు వేరేగా ఉంటుందేమో అనుకున్నాను. ఏమీ ఉండదు, అచ్చం మన నీళ్ళలాగే పడతాయి.

మంచు విచ్చుకోకముందే మడిచేశాను. ఒక్క వరసే కదా, పై రెండూ మడిచే ఉన్నాయి కదా అని నాకు నేనే చెప్పుకుంటూ ఇంటికొచ్చాను. సాయంత్రం చినుకు గట్టెక్కి, పిండి చేతుల్తోనే రెండు మెరుపులు మెరిపించింది. వరద బాగున్నా అన్నాడు. నేను అటు చూడలేక తాళ్ళు సర్దుతున్నట్టు నటించాను.

నడిమంచు నెల. వాళ్ళ వంతు.

చాలా వంతులు ఇలాగే గడిచాయి. చినుకుకి పనులు పురమాయించడంలో నేను ఆరితేరిపోయాను. దంచడం అయింది, దులపడం అయింది, మేకల గిట్టలు చెక్కడం కూడా అయింది. అది తెలివితక్కువదైతే ఎన్నాళ్ళయినా సాగేది.

ఇవాళ మధ్యాహ్నం చెప్పకుండా పైకొచ్చింది. మడిచి ఉన్న కింది వరస మీద చెయ్యి వేసింది. పై వరస మీద వేసింది. మళ్ళీ కింది వరస మీద వేసింది.

"ఇది తడిగా ఉంది. అది పొడిగా ఉంది" అంది.

నా దగ్గర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. ఉతికానని చెప్పొచ్చు. నోరు రాలేదు.

"ఎన్నాళ్ళనుంచక్కా?"

"తొలిమంచు నుంచి."

అది వల పక్కన కూలబడింది. "నేను రోజూ మా నాన్నకి మడిచారని చెప్తున్నాను" అంది. కాసేపటికి, "నిజం చెప్తే వరదకి గిన్నె ఇస్తారు కదా?" అని అడిగింది. వరదని అది ఏడాదికోసారి కనుమలో తప్ప చూడలేదు. కానీ పూచీబిడ్డలిద్దరికీ ఒకరి మీద ఒకరికి ఉండే బెంగ వేరే. ఒకరి చోట ఒకరు పెరుగుతారు, ఒకరి పక్క మీద ఒకరు పడుకుంటారు.

"ఇస్తారు" అన్నాను.

"ముసురమ్మత్త చేత్తోనా?"

"అవును."

పొద్దు వాలేదాకా అది అక్కడే కూర్చుంది. తర్వాత లేచి అద్దం తీసుకుని గట్టెక్కి రెండు మెరుపులు మెరిపించింది. తెలిసి చెప్పిన మొదటి అబద్ధం. దిగి వచ్చింది. నేను దాని చేతులు పట్టుకుని ఏడ్చాను. అది తన కోసం ఏడుస్తున్నాననుకుంది, పాపం. తమ్ముడు దక్కాడన్న ఊరటతో ఏడ్చాను. ఆ పిల్ల తన కొండని కాదనుకుని నా తమ్ముణ్ణి కాపాడింది, నేను వద్దనకుండా తీసుకున్నాను.

నడిమంచు నెల. కలుపుడు రోజు.

ఏడాదికి ఒకసారి కనుమలో రెండు కొండలవాళ్ళూ కలుస్తాం. పూచీబిడ్డల్ని పెంచిన ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకోవాలి, వయసుతో పని లేదు. ముసురమ్మకి మా అమ్మ వయసుంటుంది, అయినా నన్ను చిన్నొదినా అంటుంది.

దూరం నుంచి ఆమెని గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. పక్కన వరద, నాకంటే మూరెడు పొడుగు. పెదవులు పగిలి ఉన్నాయి. వాడు చినుకు తండ్రి దగ్గర్నుంచి కబురు మోసుకొచ్చాడు. చినుకు నానమ్మ పోయిందట. తన లోటా రోజూ మనవలకి పోసేసి, తాగానని చెప్పేదట.

చినుకు ఆ మాట విని ఏడవలేదు. ఒక్కసారి నా వైపు చూసి, వెళ్ళి బండ మీద కూర్చుంది.

ముసురమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చిన్నొదినా, ఒక మాట అడుగుతా. మా మంచు ఎందుకిట్లా పల్చబడె? మీకూ ఇట్లనే ఉందా?"

"మాకూ ఇంతే వదినా. మంచే రావట్లేదు."

"అట్లయితే సరే. ఊర్లో ఏమేమో అంటాండారు. మా చిన్నొదిన అట్లా చేసేది కాదని నేను అందరి నోళ్ళూ మూయించినా."

ఆవిడ తన కొంగుకి కట్టుకొచ్చిన వేయించిన కొర్రలు విప్పి నా చేతిలో పోసింది, తినమని. తిన్నాను.

ఆవిడ చినుకు దగ్గరికి వెళ్ళాక వరదని పక్కకి లాక్కెళ్ళాను. గబగబా అంతా చెప్పేశాను. "ఇవాళే నాతో వచ్చెయ్యరా. అదిగో దారి. పది అడుగులేస్తే మన కొండ" అన్నాను.

వాడు నిదానంగా విన్నాడు. వాడి నిదానం అచ్చం ముసురమ్మది. "నేనొచ్చేస్తే ఆ గిన్నె ఎవరికక్కా?" అన్నాడు.

నేను వాడి చెయ్యి పట్టుకుని దారి వైపు లాగాను.

"మాయమ్మకే గదా. పారిపోయిన బిడ్డకి బదులు పెంచినోళ్ళు తాగల్ల. నేను రాను. నువ్వు వలలు మడిచేయ్, అంతే. నేనెవరికీ చెప్పను. ఇంగ ఎత్తొద్దు."

"అలాగే" అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోతుంటే వాడు ముసురమ్మ చెయ్యి పట్టుకుని రాళ్ళ మీంచి దాటించాడు. వాడు అమ్మా అని పిలిస్తే ఆవిడ పలకడం విన్నాను. నేను వాణ్ణి పోగొట్టుకున్నట్టే వాడూ మమ్మల్ని పోగొట్టుకున్నాడని అనుకునేదాన్ని. వాడికి మాత్రం అన్నీ ఉన్నాయి.

మర్నాడు. మా వంతు.

చినుకు అన్నం తినలేదు. వలలు ఎత్తుతున్నప్పుడు వచ్చి తాడు అందుకుంది.

"అక్కా, రేపట్నుంచి నేను అబద్ధం చెప్పను" అంది.

"చినుకూ..."

"నన్ను చెప్పనీ. రేపు నువ్వు మడిచెయ్. మడిస్తే మడిచారని చెప్తాను. వెనకటిదంతా నాలోనే పెట్టుకుంటాను, మా నానమ్మతో సహా. ఎత్తావా, నిజం చెప్తాను. గిన్నె వరదకి వచ్చినా సరే, నువ్వు అడ్డొచ్చినా సరే."

"మడుస్తాను" అన్నాను. "ఒట్టు. నువ్వే వచ్చి చూసుకో."

"నేను చూడ్డానికి రాను" అంది. "నీ మాట చాలు."

నడిమంచు నెల. వాళ్ళ వంతు.

ఇవాళ నాన్న రాలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అది ముందు రాసేస్తున్నాను, తర్వాత రాయడానికి ధైర్యం చాలకపోవచ్చు.

తెల్లవారేసరికి మూడు వరసలూ మడిచి కట్టేశాను. మనసు తేలికపడింది. గట్టు మీద కూర్చుని కొర్రల జావ తాగాను. అప్పుడు మంచు వచ్చింది. ఈ ఏడాది మొత్తంలో అలాంటి మంచు రాలేదు. టవర్లు మాయమయ్యాయి, చాచిన నా చెయ్యి నాకే కనబడలేదు. జుట్టు లోంచి నీళ్ళు కారుతున్నాయి. అంత మంచు నా పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంటే నేను ఖాళీ చేతులతో కూర్చున్నాను. తొట్టి అడుగు గుర్తొచ్చింది, ఆ పసివాడు చీకిన వేలు గుర్తొచ్చింది.

చేతులు ఊరుకోలేదు అని రాయబోయాను. చేతుల మీద నెపం ఎందుకు? నేనే లేచాను, నేనే ముడి విప్పాను. ఇంత మంచులో వాళ్ళకీ బోలెడు వెళ్తుంది అనుకున్నాను. ఇదే ఆఖరు అనుకున్నాను. అన్నిటికంటే లోపల ఇంకోటి అనుకున్నాను. చినుకు ఏదో కోపంలో అంది గానీ, వరద ప్రాణం దగ్గరికొచ్చేసరికి నిజం చెప్పదు, దాని మనసు నాకు తెలుసు అనుకున్నాను. దాని మంచితనం మీద నేను పందెం కాశాను.

విచ్చుకోకముందే మడిచేశాను.

పొద్దు వాలేముందు చినుకు అద్దంతో వచ్చింది. "మడిచావా అక్కా?" అని అడిగింది.

"మడిచాను" అన్నాను.

అది నవ్వింది. చాన్నాళ్ళ తర్వాత దాని మొహం మీద నవ్వు చూశాను. గట్టెక్కబోతూ ఆగింది. కింది వరస దోనె లోంచి ఇంకా బొట్లు పడుతున్నాయి. నేను వినలేదు, అది విన్నది. దోనెలో వేలు పెట్టి చూసి, నా వైపు తిరగకుండానే గట్టెక్కింది.

అద్దం ఎత్తి ఎండకి పట్టింది. కదపలేదు.

పరిగెత్తుకెళ్ళి దాని చెయ్యి లాగెయ్యొచ్చు. నాలుగు అంగలు కూడా లేవు. నేను వెళ్ళలేదు. ఆ వెలుగు అవతలి కొండ మీద ఒక చోటే నిలబడింది. చినుకు ఏడుస్తోంది, వెక్కుతోంది, చేతులు మాత్రం కదల్లేదు.

వరద మూడు మెరుపులు ఇవాళ రాలేదు.

ఎవరి వంతో చెప్పేవాళ్ళు లేరు.

వలలు ముట్టుకోలేదు.

బిడ్డ బతికినా చచ్చినా మర్నాడు కనుమలో అప్పగించడం ఆచారం. మాట నిలుపుకున్న కొండ బిడ్డ కాబట్టి చినుకుని మేం క్షేమంగా తిరిగి పంపాలి. నాన్న పొద్దున్నే వచ్చి గూటి ముందు నిలబడ్డాడు.

"గిన్నె దించు" అన్నాడు.

"ఎవరికి?"

"నా కొడుకుని చంపించింది ఇది. దీన్ని క్షేమంగా కొంపకి సాగనంపుతానా?"

చినుకు మూల కూర్చుని ఉంది. కదల్లేదు, ఇవ్వండి తాగుతాను అన్నట్టే ఉంది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను.

"చంపించింది అది కాదు నాన్నా. నువ్వు ఎత్తమన్నావ్, నేను ఎత్తాను. నిన్నయితే నువ్వు కూడా చెప్పలేదు. నాకు నేనే ఎత్తాను."

"రాత..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ గిన్నె నేనే తాగుతాను."

నాన్న అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. పెద్దాయన, కొండంతటికీ పెద్ద, చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"గవ్వ వాడికి పడలేదు తొలకరీ. నీకే పడింది."

నాకు అర్థం కాలేదు.

"వెల్లకిలా పడింది. నేను వేలితో తిప్పాను. మీ అమ్మ అప్పటికే మంచాన పడింది. వలలు పట్టడానికి ఇంట్లో నువ్వు తప్ప ఎవరున్నారు? నాలుగేళ్ళవాడు తాడు పట్టగలడా? అందరూ తలవంచుకుని ఉన్నారు, ఎవరూ చూళ్ళేదు."

ఇన్నేళ్ళూ పాలు పొంగినా, మేక చచ్చినా, అమ్మ పోయినా రాత అన్నాడు. ఆయన రాత అన్నదంతా ఆయన వేలే. నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ముడి విప్పిన నా వేళ్ళకీ ఆయన వేళ్ళకీ పెద్ద తేడా కనబడలేదు. ఇద్దరం నీళ్ళ కోసం చేశాం, ఇద్దరం ఎవరూ చూడట్లేదనుకునే చేశాం.

చినుకు చెయ్యి పట్టుకుని లేపాను. నాన్న గడప మీంచి జరిగి దారిచ్చాడు.

అదే రోజు. కనుమ నుంచి వచ్చాక.

దారంతా చినుకు నా చెయ్యి విడిపించుకోలేదు. వరదని మోసుకొచ్చేవాళ్ళ కోసం నేను ఎదురుచూస్తున్నాను. ఎలా చూడాలి, మొహం మీద గుడ్డ తియ్యమనాలా వద్దా, ఇవే ఆలోచనలు.

వాడు నడుచుకుంటూ వచ్చాడు.

ఒక్కడే వచ్చాడు. నేను అరుస్తూ పరిగెత్తాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను ఆగిపోయాను. అప్పుడు అర్థమైంది, గిన్నె ఎవరు ఖాళీ చేశారో.

"అమ్మ తాగేసె" అన్నాడు. "గిన్నె నా చేతికే ఇచ్చె. నేను నోటికాడికి తీసకపోతాంటే లాక్కొని తానే తాగె. గడగడా తాగె. అన్ని నీళ్ళు ఆయమ్మ ఒకేసారి తాగడం నేనెప్పుడూ సూళ్ళేదు."

చినుకు నేల మీద కూలబడి బిగ్గరగా ఏడ్చింది. వాడు దాని పక్కన గొంతుక్కూర్చుని తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు నిజమే చెప్పినావు పాపా. అమ్మ కూడా అదే అనె. నిన్ను ఇంటికి పిల్చుకోని రమ్మనె" అన్నాడు.

"ఇంటికి రా వరదా" అన్నాను. "ఆవిడ నిన్ను వదిలేసింది కదరా. ఇక నువ్వు ఎవరి పూచీవీ కాదు."

"యా ఇంటికక్కా? మాయింట్లో పొయ్యి ఆరిపోయుండాది. పోయి ముట్టించల్ల."

తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. "నిన్న మంచు శానా వచ్చె, తెల్సా? మా తొట్లన్నీ నిండిపాయ. అమ్మ సంబరపడి ఇంటింటికీ పోయి చెప్పొచ్చె, మా చిన్నొదిన ఎంత మంచిదో సూడండని. సాయంత్రం అద్దం నిలబడె." కాస్త ఆగి అడిగాడు. "నేను అంత చెప్పినాక గూడా ఎత్తినావా?"

"ఎత్తాను."

వాడు తలూపాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను గవ్వ సంగతి చెప్పాను. నాన్న వేలి సంగతి చెప్పాను. "అక్కడ పెరగాల్సింది నేనురా. నా చోటుకి నువ్వెళ్ళావు. ఇప్పుడు నన్ను తీసుకెళ్ళు. పూచీగా ఉంటాను. మళ్ళీ వంతులు మొదలుపెడదాం, నాన్న చేత వలలు మడిపిస్తాను. మడవకపోతే ఆ గిన్నె నాకివ్వండి. ముసురమ్మ ఇంట్లో ఊడుస్తాను, దంచుతాను..."

మాట్లాడుతూనే ఉన్నాను. వాడు అంతా విన్నాడు, అదే నిదానంతో.

"నువ్వొచ్చి మాకాడ ఏం జేస్తావక్కా?" అన్నాడు. కసి లేదు, నిజంగానే ఆలోచించి అడిగాడు. "నువ్వొక మాట జెప్తే అది నిజమా కాదా అని మళ్ళా ఎవరన్నా పోయి సూసి రావల్ల గదా."

ఇద్దరూ లేచారు. చినుకు నా దగ్గరకొచ్చింది. ముక్కు తుడుచుకుని, "పై వరస తాడు అరిగిపోయిందక్కా, మార్చుకో. గాలికి తెగితే నీ మీదే పడుద్ది" అంది. రాళ్ళ దగ్గర వరద దానికి చెయ్యి అందించి దాటించాడు. మలుపు తిరిగేదాకా చూశాను. తమ్ముడు బతికున్నాడు. నేను కోరుకున్నది అదొక్కటే, అది నాకు దక్కింది. ఇంతకంటే దిక్కుమాలిన దక్కడం ఎవరికీ వద్దు.

ఇంటికొచ్చేసరికి నాన్న ఇంకా గడప మీదే ఉన్నాడు. వరదని గుడ్డ కప్పి మోసుకురావడానికి మనుషుల్ని కూడా పిలిపించుకుని కూర్చున్నాడు.

"వరద బతికే ఉన్నాడు నాన్నా" అని చెప్పాను. "ముసురమ్మ తాగేసింది. వాణ్ణి నా కళ్ళతో చూశాను. వాళ్ళింటికి వెళ్ళిపోయాడు."

నాన్న నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"నిజమేనా?" అన్నాడు. "నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?"

"నిజమే నాన్నా."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. సరేలే అన్నాడు గానీ, రేపు తానే కనుమ దాకా వెళ్ళి, అటువాళ్ళు ఎవరైనా కనబడితే అడిగి వస్తానన్నాడు.